డిసెంబరు 31 రాత్రికి ముందే: ఏడాది విశ్వాస జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం ఎలా

డిసెంబరు 31 రాత్రి చర్చిలో జరిగే వాచ్ నైట్ ఆరాధనలో, ఏడాదిలో దేవుడు చేసిన మేలు చెప్పడానికి "సాక్ష్యం చెప్పేవాళ్లు రండి" అని పాస్టరుగారు పిలిచేసరికి చాలామందికి గుర్తొచ్చేవి నవంబరు, డిసెంబరు సంగతులే. సంక్రాంతి సెలవుల్లో కన్నీళ్లతో అడిగింది, వేసవిలో తీరిన అవసరం మరుగున పడిపోయి ఉంటాయి. దాంతో నోటికి అలవాటైన నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాం. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని 103వ కీర్తనలో కీర్తనకారుడు తన ప్రాణానికి తానే చెప్పుకున్నాడంటే, మరిచిపోవడం మనిషికి ఎంత తేలికో ఆయనకు తెలుసు. అందుకే ఈ పని జ్ఞాపకం మీద వదిలేయకుండా కాగితం మీద చేయాలి. మొత్తం నాలుగు గంటలు పడుతుంది. ఒక్క రోజులో మాత్రం వద్దు.

ఎప్పుడు కూర్చోవాలి, ఏమేం కావాలి

క్రిస్మస్ ముందు కుదరదు. పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్, ఇంటికి సున్నాలు, స్టార్ కట్టడం, పిండివంటలు, ఇవన్నీ అయ్యేసరికి ఒళ్లు హూనమవుతుంది. 31న అసలే వద్దు, ఆ రోజు మనసంతా రాత్రి ఆరాధన మీదే ఉంటుంది. 26 నుంచి 30 వరకు ఉన్న ఐదు రోజులు సరైన సమయం. మొదటి రోజు గంటన్నర, రెండో రోజు గంట, మూడో రోజు గంట, 30 సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి అరగంట. సెలవు దొరకని ఉద్యోగులు తెల్లవారుజామున రోజుకు ముప్పావుగంట చొప్పున సర్దుకోవచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి: వంద పేజీల లాంగ్ నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు, బైబిలు, పోయిన జనవరి 1న చర్చిలో తీసుకున్న వాగ్దానం కార్డు (ఆ ఏడాదికి ఒక బైబిలు వాక్యం ఉన్నది), గోడమీది క్యాలెండరు, ఫోను, ప్రార్థన పుస్తకం రాసే అలవాటుంటే అది. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలై ఉంటే ఆ ఫైలు కూడా తెచ్చుకోండి, తేదీలు కచ్చితంగా దొరుకుతాయి. గోడ క్యాలెండరును తక్కువగా చూడకండి. గ్యాస్ బండ వచ్చిన రోజు, చిట్టీ కట్టిన రోజు, ఆసుపత్రికి మళ్లీ రమ్మన్న రోజు, ఉపవాస కూటం తేదీ అన్నీ దాని మీదే ఉంటాయి.

మొదటి రోజు: జనవరి నుంచి రాయడం

నెలకు రెండు పేజీలు వదలండి. జనవరితో మొదలుపెట్టండి, డిసెంబరు నుంచి వెనక్కి రావద్దు. వెనక్కి వచ్చేవాళ్లు ఆగస్టు దగ్గరే అలసిపోతారు, సంవత్సరం మొదటి సగం ఖాళీగా మిగిలిపోతుంది.

ఏ నెలలో ఏం జరిగిందో తట్టకపోతే గుంజల్లాంటి కొన్ని సందర్భాలను పట్టుకోండి: సంక్రాంతి సెలవులు, శ్రమకాలపు నలభై రోజులు, మట్టల ఆదివారం, ఈస్టర్, పది, ఇంటరు పరీక్షలు, పిల్లల వి.బి.ఎస్. (సెలవుల్లో జరిగే బైబిలు తరగతులు), స్కూలు ఫీజుల నెల, దసరా సెలవులు, మీ సంఘంలో కోతకాల పండుగ, క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్ కాలపు మొదటి ఆదివారం. "ఏప్రిల్‌లో దేవుడు నాకేం చేశాడు?" అని అడిగితే మనసు మూగబోతుంది. "మట్టల ఆదివారం నాడు నేను ఎక్కడున్నాను, ఇంట్లో పరిస్థితి ఏంటి?" అని అడగండి, గుర్తొస్తుంది. శుక్రవారం ఆరాధనకు వెళ్లే గల్ఫ్ తెలుగువాళ్లకు గదులు మారడం, వీసా రెన్యువల్, ఊరొచ్చిన సెలవు లాంటివే గుంజలు.

తర్వాత ఫోను తీయండి. గ్యాలరీలో ఫొటోలు నెలవారీగా ఉంటాయి. ఫంక్షన్ల ఫొటోలు దాటేసి, రసీదులు, మందుల చీటీలు, ఖాళీ గది, కొత్త యూనిఫాం లాంటివి చూడండి. యూపీఐ చెల్లింపుల చరిత్రలో కానుకలు, దశమభాగం (రాబడిలో పదో వంతు), ఎవరికో పంపిన సాయం, ఎవరో పంపిన సాయం తేదీలతో సహా కనిపిస్తాయి. మనం ఎంత ఇచ్చామో ఈ చరిత్ర చెప్పే లెక్కకూ, మనసులో ఉన్న లెక్కకూ పొంతన కుదరదు. ఎక్కువమందికి మనసులోనిదే పెద్దది.

అన్నిటికంటే విలువైనది సంఘం వాట్సాప్ గ్రూపు. వెతికే చోట "ప్రార్థన" అని ఒకసారి, అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కొట్టి, మీరు పెట్టిన మనవులన్నీ తేదీతో రాసుకోండి. ఒక్కొక్క మనవి తర్వాత "జవాబు వచ్చింది, స్తోత్రం" అని మీరు గ్రూపులో పెట్టారో లేదో చూడండి. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగి వచ్చినవాడు ఒక్కడే. మనమూ ఆ తొమ్మిదిమందిలో ఎన్నిసార్లు ఉన్నామో ఈ వెతుకులాటలో బయటపడుతుంది. ఆలస్యమైనా ఫరవాలేదు, ఆ జవాబులు ఈ ఐదు రోజుల్లోనే గ్రూపులో పెట్టండి. మీ కోసం ప్రార్థించినవాళ్లు కనిపెట్టుకుని ఉంటారు.

ఒక్కొక్క సంగతికి మూడు వరుసలు: ఏం జరిగింది, అప్పుడు నేనేం చేశాను, ఇప్పుడు ఏం కనిపిస్తోంది. మూడో వరుస ఈ రోజు ఖాళీగా ఉంచండి. ఉదాహరణకు జూన్ పేజీ ఇలా ఉండొచ్చు:

"10వ తేదీలోగా బాబు ఫీజు 22,000 కట్టాలి. చేతిలో 9,000. వారం రోజులు నిద్ర లేదు. శుక్రవారం ఉపవాస కూటంలో చెప్పడానికి సిగ్గుపడి చెప్పలేదు. 8న బావగారు అడగకుండానే 10,000 ఇచ్చారు, మిగతాది జూలైలో కట్టమని స్కూలువాళ్లు ఒప్పుకున్నారు."

ఇలా రాయకుండా "జూన్‌లో దేవుడు గొప్ప కార్యం చేశాడు" అని రాస్తే వచ్చే ఏడాదికి అదేమిటో మీకే తెలియదు. ఎంత, ఎవరు, ఏ తేదీ, అప్పుడు నా భయమేంటి, ఈ నాలుగూ ఉండాలి. ఇంకొక సంగతి. దేవునికి మహిమ ఇవ్వడమంటే బావగారి పేరు తీసేయడం కాదు. ఆయన చేతుల మీదుగా వచ్చిందని రాయండి, ఆయనకు ఫోన్ చేసి మరోసారి కృతజ్ఞత చెప్పండి.

రెండో రోజు: ప్రార్థనల లెక్క, ఎదుగుదల లెక్క

అడిగినవన్నీ ఒకచోట వరుసగా రాసి, పక్కన ఐదు గుర్తుల్లో ఒకటి పెట్టండి: వచ్చింది, వేరేగా వచ్చింది, కాదన్నాడు, ఇంకా ఎదురుచూస్తున్నాను, అడగడం నేనే మానేశాను.

"కాదన్నాడు" అని రాయడానికి చెయ్యి ఆడదు. విశ్వాసం తక్కువైనట్టు అనిపిస్తుంది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా బాధించిన దాని గురించి మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". ముల్లు పోలేదు. కాదన్నదాన్ని కాదని రాసుకోవడం అవిశ్వాసం కాదు. ఐదో గుర్తునూ జాగ్రత్తగా చూడండి. ఫిబ్రవరిలో రోజూ ఏడ్చి అడిగిన విషయాన్ని మేలో ఎందుకు వదిలేశాం? అవసరం తీరిందా, ఆశ చచ్చిందా, లేక అసలు అది అంత ముఖ్యం కాదా? ఆ ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు రాయండి. ఈ రెండు వాక్యాలు మీ హృదయం గురించి చెప్పినంత, మిగతా పేజీ అంతా చెప్పదు.

ఇప్పుడు ఎదుగుదల. ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు, ఎందుకంటే దీవెనల జాబితాను ఎదుగుదల అనుకుంటారు. స్థలం కొన్నాం, అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, మోకాలి నొప్పి తగ్గింది. ఇవన్నీ దేవుడు చేసిన మేళ్లే, వీటికి స్తుతి చెల్లించాల్సిందే. కానీ మీరు మారారా లేదా అన్నది వీటిలో కనిపించదు. ఆరాధనలో కన్నీళ్లు వచ్చాయా రాలేదా అన్నదీ కొలత కాదు. ఏడాదిలో రెండు మూడుసార్లు తిరిగి తిరిగి వచ్చిన ఒకే రకం సందర్భాన్ని పట్టుకుని మొదటిసారికీ చివరిసారికీ పోల్చి చూడాలి.

గలతీయులకు రాసిన పత్రిక 5:22, 23లో ఆత్మఫలం తొమ్మిది మాటల్లో ఉంది: ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము. తొమ్మిదింటికీ మార్కులు వేసుకోవద్దు. అలా చేస్తే అన్నిటికీ పదికి ఆరు వేసి పుస్తకం మూసేస్తాం. మూడు తీసుకోండి, ఒక్కొక్కదానికి రెండు సందర్భాలు రాయండి. దీర్ఘశాంతం తీసుకుంటే: జనవరిలో అత్తమ్మ వంట గురించి మాట అంటే నాలుగు రోజులు మాట్లాడలేదు. అక్టోబరులో అదే మాట అంటే సాయంత్రానికల్లా మామూలుగా ఉన్నాను. కోపం రాకపోవడం ఎదుగుదల అని ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజులు ఒక పూటకు తగ్గింది, అది రాయదగ్గ మార్పు. వెనక్కి పోయినవి ఉంటే అవీ ఇలాగే రాయండి.

మన మార్పు మనకంటే ఇంట్లోవాళ్లకే బాగా తెలుసు, కాబట్టి ఒక్కరిని అడగండి. "నేను మారానా?" అని అడగొద్దు, మొహమాటానికి "మారావులే" అంటారు. "నాకు కోపం వచ్చాక మామూలు మనిషిని కావడానికి పోయినేడాది ఎంతసేపు పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది?" అని అడగండి. భార్యను, భర్తను అడగొచ్చు. పదేళ్లు దాటిన పిల్లలైతే ఇంకా నిజం చెబుతారు. ఏం చెప్పినా ఎదురు మాట్లాడకుండా రాసుకోవాలి. అక్కడ వాదించారంటే వచ్చే ఏడాది మీకు నిజం చెప్పేవాళ్లుండరు.

బైబిలు పఠనం గురించీ ఒక పేరా రాయండి. ఎక్కడ ఆగిపోయారో చూడండి. ఆదికాండము 50, నిర్గమకాండము 40, కలిపి 90 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున మొదలుపెట్టినవాళ్లు జనవరి నెలాఖరుకు లేవీయకాండములో అడుగుపెడతారు. చాలామంది గుర్తు రిబ్బను అక్కడే ఉండిపోతుంది. ఆ లెక్కన సాగితే ఏడాదికి 1,199 అవుతాయి, బైబిల్లో ఉన్నవి 1,189. అంటే ఏడాది మొత్తానికి పది అధ్యాయాల వెసులుబాటే. నాలుగు రోజులు జ్వరం వస్తే చాలు, వెనకబడతాం, వెనకబడ్డామన్న బాధతో మానేస్తాం. రెండేళ్లు వరసగా అక్కడే ఆగిపోయినవాళ్లు ఈసారి కొత్త నిబంధన ఒక్కటే పెట్టుకోవడం మేలు. 260 అధ్యాయాలు, వారానికి ఐదు, సరిగ్గా 52 వారాలు. వారానికి రెండు రోజులు ఖాళీ మిగులుతుంది కాబట్టి జ్వరమొచ్చినా తట్టుకుంటుంది.

మొదటి రోజు వదిలేసిన మూడో వరుస ఇప్పుడు నింపండి. అన్నీ నిండవు. "ఎందుకో ఇంకా తెలియదు" అని కూడా రాయొచ్చు.

మూడో రోజు: సరిచేసుకోవాల్సినవి

"ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్న వాక్యాన్ని మనం ఇంటి గుమ్మాల మీదా, పెళ్లి కార్డుల మీదా వేసుకుంటాం. సమూయేలు ప్రవక్త ఒక రాయి నిలిపి, దానికి ఎబెనెజరు అని పేరు పెట్టి ఆ మాట అన్నది 1 సమూయేలు 7:12లో. అదే అధ్యాయం ఆరో వచనంలో ప్రజలు మిస్పాలో ఉపవాసముండి తమ పాపం ఒప్పుకున్నారు. అంతకుముందు 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు యుద్ధానికి దిగి, ఓడిపోయి, దేవుని నిబంధన మందసాన్ని (పవిత్రమైన పెట్టెను) పోగొట్టుకున్న చోటుకు కూడా బైబిలు ఎబెనెజరు అనే పేరే వాడింది. రాయి నిలపడానికి ముందు ఓటమి ఉంది, ఒప్పుకోలు ఉంది. కృతజ్ఞతార్పణ కవరు సిద్ధం చేసుకునే ముందు మనకూ ఈ రోజు కావాలి.

139వ కీర్తన చివరి రెండు వచనాలు నెమ్మదిగా చదవండి. నెలల పేజీలు తిరగేస్తూ, చివర విడిగా ఉంచిన ఒక కాగితం మీద మీ తప్పులు మాత్రమే రాయండి. ఇతరుల తప్పులు వద్దు, ఇతరుల పేర్లూ వద్దు, పేరు రాయక తప్పకపోతే మొదటి అక్షరం చాలు. "నేను పాపిని" అనడం తేలిక. "మార్చిలో తీసుకున్న చేబదులు 3,000 ఇవ్వలేదు, వాళ్లు కనబడితే పక్క సందులోకి తప్పుకున్నాను" అని రాయడం కష్టం. రాయాల్సింది రెండోదే. సుంకాలు వసూలు చేసే జక్కయ్య కూడా యేసుతో ఎంత ఇస్తాడో లెక్క చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు.

రాసినవాటిని రెండుగా విడదీయండి. దేవుని దగ్గర ఒప్పుకుంటే సరిపోయేవి, మనుషుల దగ్గరికి వెళ్లాల్సినవి. రెండో రకం 31 లోపు కనీసం ఒకటి పూర్తి చేయండి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:23, 24లో ప్రభువు చెప్పిన మాట కానుక కవరుకూ వర్తిస్తుంది. మెసేజ్ పెట్టి ఊరుకోకండి. దగ్గరుంటే వెళ్లండి, దూరమైతే ఫోన్ చేయండి. "నా వల్ల ఏమైనా బాధ కలిగి ఉంటే క్షమించండి" అన్న మాట క్షమాపణ కాదు, బాధ కలిగిందో లేదో ఎదుటివాళ్లనే తేల్చుకోమన్నట్టు ఉంటుంది. "మేలో మీ గురించి నేను అలా మాట్లాడాను, తప్పు నాది" అనాలి. పని అయ్యాక ఆ కాగితం చింపేయండి. నోట్‌బుక్కులో ఉంచితే ఇంట్లో ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

ఏడాది దుఃఖంతో గడిచినవాళ్లకు ఈ మూడో రోజు వేరేలా ఉండాలి. మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో "మేళ్ల జాబితా" రాయమనడం క్రూరత్వం. వాళ్లు 13వ కీర్తనను నమూనాగా పెట్టుకోవచ్చు. ఆరే వచనాలు: మొదటి రెండింటిలో "ఎంతకాలం?" అన్న ప్రశ్నలు, తర్వాతి రెండింటిలో మనవి, చివరి రెండింటిలో నమ్మకం. ఒక్కో భాగానికి మూడు నాలుగు వాక్యాలు సొంత మాటల్లో రాయండి. మూడో భాగం రాయలేకపోతే ఖాళీగా వదిలేయండి. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా అది బైబిల్లో ఉంది. ఆ ఏడాది వాళ్లు సాక్ష్యం చెప్పకపోయినా ఎవరూ అడగకూడదు.

సాక్ష్యం సిద్ధం చేయడం

మూడు నిమిషాలు చాలు. అంటే నోట్‌బుక్కులో ఒకటింబావు పేజీ. నెలల పేజీల్లోంచి ఒకే ఒక్క సంగతి ఎంచుకోండి. పన్నెండు చెబితే ఒక్కటీ గుర్తుండదు.

మన సంఘాల్లో తరచూ వినిపించే సాక్ష్యం ఇలా మొదలవుతుంది: "మాకంటే గొప్పవారు, ధనవంతులు, జ్ఞానులు ఎంతోమంది గతించిపోయినా, యోగ్యత లేని మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు..." భక్తితోనే అంటాం. కానీ అదే చాప మీద, నాలుగు వరసల వెనక, జూలైలో భర్తను పోగొట్టుకున్న అమ్మ కూర్చుని ఉంటుంది. ఆమె చెవికి ఆ మాట ఎలా తగులుతుంది? సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది తక్కినవాళ్లకంటే అపరాధులు కారని లూకా 13లో ప్రభువే చెప్పాడు. ఆ వెంటనే చెప్పిన ఉపమానమే, తోటమాలి "ఈ సంవత్సరమూ ఉండనివ్వు, చుట్టూ తవ్వి ఎరువేస్తాను" అని వేడుకున్న అంజూరపు చెట్టుది. బ్రతికి ఉండడం మన గొప్ప కాదు, మనకిచ్చిన గడువు. ఆ పాత వాక్యాన్ని మానేయడం మంచిది.

దాని బదులు ఇలా ఉండొచ్చు: "అందరికీ వందనాలు. మార్చిలో నాన్నగారికి గుండె ఆపరేషన్ అన్నారు. భయంతో పది రోజులు నాకు ప్రార్థన కూడా రాలేదు. ఆ పది రోజులూ స్త్రీల సమాజం వాళ్లు సాయంత్రం పూట మా ఇంటికొచ్చి ప్రార్థించారు. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చినట్టు నన్ను మోశారు. నాన్నగారు ఈ రోజు ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు నేనూ శుక్రవారాలు వాళ్లతో కలిసి వెళ్తున్నాను. దేవునికి స్తోత్రం." ఇందులో నెల ఉంది, భయం ఉంది, సాయం చేసినవాళ్లున్నారు, తనలో వచ్చిన మార్పు ఉంది. కొన్న వస్తువు ఏదీ లేదు.

ఇంట్లోవాళ్ల జబ్బు, పిల్లల మార్కులు, పెళ్లి సంబంధం తప్పిపోవడం లాంటివి వాళ్ల అనుమతి లేకుండా మైకులో చెప్పొద్దు. ముందురోజే అడగండి. ఈ రోజుల్లో ఆరాధన యూట్యూబులో వస్తోందని మరిచిపోకండి. రాసినదాన్ని ఫోనులో టైమరు పెట్టి ఒకసారి బయటికి చదవండి. నాలుగు నిమిషాలు దాటితే మధ్యలోని వివరం తీసేయండి, మొదలూ చివరా ముట్టుకోవద్దు.

పాత వాగ్దానం, కొత్త వాగ్దానం

దేవుని మాటను ఒక కాలానికి గుర్తుగా పట్టుకుని నడవడం పాత అలవాటే. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘంవాళ్లు 1728 నుంచి రోజుకొక వాక్యం పెట్టుకునేవారు. మన సంఘాల్లో జనవరి 1న కార్డు తీసుకుంటాం, ఫ్రేము కట్టిస్తాం, మార్చికల్లా మరిచిపోతాం. పాత కార్డు తీసి, ఆ వాక్యమున్న అధ్యాయం మొత్తం చదవండి. మీ గురించి నాకున్నవి మేలైన ఉద్దేశాలే అని దేవుడు చెప్పిన యిర్మీయా 29:11 వచ్చినవాళ్లు పదో వచనం చదివితే, అక్కడ అది డెబ్బై సంవత్సరాల తర్వాత అని ఉంటుంది. ఐదో వచనంలో, చెరలో ఉన్న బబులోనులోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంటుంది. ఆ వాగ్దానం "ఈ ఏడాదే అంతా సర్దుకుంటుంది" అన్న అర్థంలో ఇచ్చింది కాదు. ఇలా చదివాకే "ఈ మాట నా ఏడాదిలో ఎక్కడ నిజమైంది?" అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరుకుతుంది.

కొత్త కార్డు వచ్చాక దాని పక్కన ఒక్క అలవాటు రాయండి, ఒక్కటే. "ఎక్కువ ప్రార్థిస్తాను" అని కాదు, "బుధవారం రాత్రి 9 గంటలకు తమ్ముడికి ఫోన్ చేసి కలిసి ప్రార్థిస్తాను" అని. మార్చి, జూన్, సెప్టెంబరు చివరి ఆదివారాలను కొత్త క్యాలెండరు మీద ఇప్పుడే సున్నా చుట్టి పెట్టుకోండి. ఆ రోజుల్లో ఇరవై నిమిషాలు ఆ మూడు నెలల పేజీలు నింపితే, వచ్చే డిసెంబరులో మొదటి రోజు పని సగానికి తగ్గుతుంది.

30 సాయంత్రం, ఇంటిల్లిపాదితో

కుటుంబ ప్రార్థన వేళలోనే కానివ్వండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, చిన్నవాళ్లతో మొదలు. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే పిల్లలు వాళ్ల మాటలే తిరిగి చెబుతారు. నియమం ఒక్కటే: ఎవరి గురించి వాళ్లే చెప్పాలి, పక్కవాళ్ల తప్పు ఎత్తకూడదు. నానమ్మ, తాతయ్య ఉంటే చివర్లో వాళ్లు చెప్పి ప్రార్థన చేస్తే బాగుంటుంది.

యెహోషువ 4లో యొర్దాను నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టింది, రేపు పిల్లలు "ఈ రాళ్లేంటి?" అని అడిగితే చెప్పడానికే. ఇంట్లో కూడా ఏడాదికొక అరచేతంత నున్నటి రాయి పెట్టొచ్చు. కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరబెట్టి, పర్మనెంట్ మార్కరుతో సంవత్సరం, కింద ఒకే ఒక్క మాట రాయండి: "ఫీజు", "నాన్న ఆపరేషన్", "అమ్మమ్మ". తడి రాయి మీద రాస్తే సిరా పాకుతుంది. మార్కరు పూర్తిగా ఆరకముందే ముట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతాయి, పావుగంట ఆగండి. దానికి దండం పెట్టడం, దిష్టికి వాడడం లాంటివి చేయకూడదని పిల్లలకు మొదటి రోజే చెప్పండి. మోషే చేసిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టాల్సి వచ్చింది. పుస్తకాల అరలో, పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టండి. వాళ్లు తీసి ఆడుకుంటూ "అమ్మమ్మ అని ఎందుకు రాశారు?" అని అడిగినప్పుడు, చేస్తున్న పని ఆపి చెప్పండి.